ఆగని పెడల్: పాత కన్వర్షన్ నుంచి కొత్త ఫిక్సీ దాకా

0వ రోజు

కాగ్, అంటే వెనక చక్రం మీది పళ్ళచక్రం, ఊడింది.

దిగుడు రోడ్డు మీద వేగం తగ్గిద్దామని పెడళ్ళని వెనక్కి తొక్కిపట్టాను. ఒక్క క్షణం పట్టు దొరికింది, మరు క్షణం కాళ్ళ కింద ఏమీ లేదు. చీకట్లో ఇంకో మెట్టు ఉందనుకుని అడుగేస్తే ఎలా ఉంటుందో అలా. ముందు బ్రేకు ఉంది కాబట్టి ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. దారిలో ముందుకి తొక్కితే కాగ్ మళ్ళీ బుద్ధిగా బిగుసుకుంది. ఏమీ జరగనట్టే ఉంది. నాకు భయం వేసింది దానికే.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఫిక్స్‌డ్ గేర్ సైకిలుకి, అంటే ఫిక్సీకి, కాళ్ళు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరుగుతున్నంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి. కాళ్ళతో ఎదురొత్తితే అదే వెనక బ్రేకు. నాది అలా పుట్టిన బండి కాదు. ముందు రెండు, వెనక ఆరు పళ్ళచక్రాలున్న పాత రోడ్డు సైకిలు. నాలుగేళ్ళ కిందట డిరైలర్లు (చైనుని ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి మార్చేవి), గేరు వైర్లు, ఫ్రీవీలు అన్నీ పీకేసి, ఫ్రీవీలు మర మీదే ట్రాక్ పందేల సైకిళ్ళకి వాడే కాగ్ ఎక్కించాను. దాని మీద పాత బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే చోటు) లాక్‌రింగు, అంటే కదలకుండా బిగించే వలయం, ఒకటి బిగించి, మరకి జిగురు పూశాను. హబ్ అంటే చక్రం నడిమధ్య భాగం. ఇలాంటిదాన్ని సైకిలు జనం సూసైడ్ హబ్ అంటారు. పేరు తెలిసే వాడాను. తెలివితక్కువతనానికి జిగురు విరుగుడు అనుకున్నాను.

1వ రోజు

చక్రం విప్పి చూశాను. జిగురు పొడిపొడిగా రాలింది. లాక్‌రింగు చేత్తోనే తిరిగింది.

అసలైన ట్రాక్ హబ్‌లో మెట్టు మీద మెట్టుగా రెండు మరలుంటాయి. లోపలిది కాగ్‌కి: 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు, మామూలు కుడి మర. బయటిది కాస్త సన్నం, 1.29 అంగుళాలు, అదే 24 చుట్లు, కానీ ఎడమ మర, అంటే గడియారం దిశకి ఎదురుగా బిగిసేది. లాక్‌రింగు దాని మీద కూర్చుంటుంది. కాళ్ళతో ఎదురొత్తినప్పుడు కాగ్ విప్పుకునే వైపు తిరగబోతుంది. తిరిగితే లాక్‌రింగుని పట్టుకుని తిప్పాలి, కానీ దానికి అది బిగిసే దిశ. ఒకరు పారిపోదామంటే రెండోవాడు తలుపు మూస్తాడు. నా హబ్‌లో ఇద్దరికీ ఒకే మర, ఒకే దిశ. కాగ్ కదిలితే లాక్‌రింగు కూడా దానితోపాటే బయల్దేరుతుంది.

మా తమ్ముడు పక్కన కూర్చుని అంతా విని, "అక్కా, ఒక్క చక్రం మారిస్తే పోయేదానికి బండి మొత్తం మార్చడం ఎందుకు?" అన్నాడు. సబబైన ప్రశ్నే. అందుకే టేపు, స్కేలు తీసుకుని కూర్చున్నాను.

2వ రోజు, కొలతలు

వెనక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే గాట్ల) మధ్య ఎడం 126 మిల్లీమీటర్లు. ట్రాక్ హబ్‌ది 120. చెరో వైపు 3 మి.మీ. వాషర్లు వేస్తే సరిపోతుంది, ఇది పెద్ద సమస్య కాదు. స్టీలు ఫ్రేము కాబట్టి ఒత్తి సర్దుకున్నా తప్పు లేదు. అల్యూమినియం అయితే ఆ పని చేయకూడదు.

చక్రాలు పాత 27 అంగుళాలవి. పేరుకి పెద్ద తేడా లేనట్టు ఉంటుంది గానీ టైరు కూర్చునే అంచు వ్యాసం 630 మి.మీ. ఇప్పుడు దొరికే 700సీ చక్రానిది 622. అంటే రిమ్‌ని పట్టే బ్రేకు ప్యాడ్లు 4 మి.మీ. కిందికి రావాలి. నా ముందు బ్రేకు చేతుల్లో ఇంక ఒకటిన్నర మిల్లీమీటరే మిగిలింది. అదొక లెక్క.

దీనికన్నా ముఖ్యమైనది ఎత్తు. బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి నేలకి 270 మి.మీ. పెడల్‌ని మోసే కడ్డీ, అంటే క్రాంకు, పొడవు 170. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు దాని ఇరుసుకీ నేలకీ మధ్య 100 మి.మీ. ఉంటుంది. మామూలు సైకిలు మీద మలుపులో లోపలి పెడల్ పైకి పెట్టి కాళ్ళు ఆపేస్తాం. ఇక్కడ ఆపలేం, మలుపులోనూ పెడల్ తిరుగుతూనే ఉంటుంది. నా ఎడమ పెడల్ అంచు చూస్తే తెలుస్తుంది, అరగదీసినట్టు తెల్లగా మెరుస్తోంది. సన్న టైరుతో 700సీ చక్రం వేస్తే బండి ఇంకో సెంటీమీటరు కిందికి దిగుతుంది. హబ్ సమస్య తీరుస్తూ మలుపు సమస్య పెంచుకోవడం అవుతుంది.

చైన్‌లైను, అంటే చైను ముందూ వెనకా ఒకే వరసలో ఉందా అన్నది, కూడా చూశాను. ముందు పళ్ళచక్రం (చైన్‌రింగు) ఫ్రేము మధ్య నుంచి 43 మి.మీ., వెనక కాగ్ 40. ఈ 3 మి.మీ. కోసం నాలుగేళ్ళలో ఇరుసు వాషర్లు అటూ ఇటూ ఎన్నిసార్లు మార్చానో! మార్చిన ప్రతిసారీ రిమ్ మధ్యకి రావడానికి స్పోకులు మళ్ళీ సర్దాలి. ఇక చైను: 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి, నాది పన్నెండు అంగుళాల మీద ఇంకో అంగుళంలో ఎనిమిదో వంతు. అంటే ఒక శాతం సాగింది. అర శాతం దగ్గరే మార్చేయాలి. ఇన్నాళ్ళూ ఆ గరగర పాత బండి గొంతు అని ముచ్చటపడ్డాను. గొంతు కాదు, జబ్బు.

తమ్ముడికి జవాబు దొరికింది. చక్రాలు, క్రాంకులు, చైను, బ్రేకు మారిస్తే మిగిలేది ఫ్రేము ఒక్కటే, తక్కువ ఎత్తుండి పెడల్ నేలకి తగిలించేదీ అదే.

9వ రోజు

పెట్టె వచ్చింది. 4130 క్రోమోలీ స్టీలు ఫ్రేము, ట్రాక్ ఎండ్లు (ఇరుసు కూర్చునే, వెనక్కి తెరుచుకునే గాట్లు), 120 మి.మీ. ఎడం, 165 క్రాంకులు, 48 పళ్ళ రింగు, 16 పళ్ళ కాగ్, ముందు బ్రేకుకి ఫోర్కులో రంధ్రం. వెనక హబ్ రెండు ముఖాలది: ఒకవైపు ఫిక్స్‌డ్ కాగ్‌కి మర, రెండో వైపు ఫ్రీవీలుకి.

ఈ రెండు ముఖాల హబ్ నిజానికి పాత కాలపు గేరు మార్చే సాధనం. టూర్ ద ఫ్రాన్స్‌లో 1937 దాకా డిరైలర్లకి అనుమతి లేదు. కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి పెట్టుకుని మళ్ళీ ఎక్కేవాళ్ళు. మనం గేరు గుండీ సరిగ్గా నొక్కుకోలేదని విసుక్కుంటాం.

కొత్తది కదా, హ్యాండిలు, సీటు బిగించి ఎక్కేయొచ్చు అనుకుంటే పొరపాటు. నేను కనిపెట్టినవి:

లాక్‌రింగు వేళ్ళతో తిరిగింది. దేని నుంచి పారిపోయి ఈ బండి తెచ్చుకున్నానో అదే కొత్త డబ్బాలో ఎదురైంది. ముందు చక్రం కోన్లు (ఇరుసు బేరింగుల్ని బిగించేవి) మరీ బిగుతు, చక్రాన్ని చేత్తో తిప్పితే ఇసుక నూరినట్టు తగిలింది. హెడ్‌సెట్‌లో, అంటే హ్యాండిలు తిరిగే బేరింగుల్లో, ఆట ఉంది. వెనక చక్రానికి ఒకచోట బెండు, అటుపక్క మూడు స్పోకులు వీణ తీగల్లా మోగుతుంటే వాటి పక్కవి తాడులా వేలాడుతున్నాయి. సీటు గొట్టంలో గ్రీజు చుక్క లేదు. పెట్టెలోంచి తీసిన సైకిలు సగమే తయారైన సైకిలు అనే నా అభిప్రాయం ఇంకాస్త గట్టిపడింది.

కాగ్ విప్పి, మర తుడిచి, గ్రీజు రాసి, చైన్ విప్‌తో (చైను ముక్క ఉన్న కాగ్ పానా) బలంగా బిగించాను. లాక్‌రింగుని కొక్కెం స్పానర్‌తో, గడియారం దిశకి ఎదురుగా. చేతికి అలవాటు లేని దిశ, రెండుసార్లు పొరపాటున విప్పాను. తర్వాత వీధి చివర ఎక్కుడు మీద పది నిమిషాలు లేచి నిలబడి తొక్కి, ఎదురొత్తకుండా బ్రేకుతోనే ఆగి, ఇంటికి నడిపించుకొచ్చి లాక్‌రింగు మళ్ళీ బిగించాను. ఇంకో పావు చుట్టు తీసుకుంది. తొక్కుడుకి కాగ్ లోపలికి కూర్చున్నప్పుడు దానికీ లాక్‌రింగుకీ మధ్య సందు పడుతుంది. ఈ రెండో బిగింపు మానేస్తే అసలైన ట్రాక్ హబ్ మరలు కూడా చెడిపోతాయి.

10వ రోజు, చైన్‌రింగు

ఈ రోజంతా ఒక్క పనికే పోయింది, అయినా చెప్పుకోవాల్సింది ఇదే.

వెనక చక్రం గాలిలో ఉండేలా బండిని ఎత్తి కట్టాను. క్రాంకు మెల్లగా తిప్పుతూ చైను మధ్యలో నొక్కి చూస్తే ఒకచోట అర అంగుళం ఆట ఉంది, సగం చుట్టు తిరిగేసరికి తీగలా బిగిసింది. చైన్‌రింగు నడిమధ్య క్రాంకు ఇరుసుతో కలవలేదన్నమాట. బోల్టు రంధ్రాల్లో ఉండే పిసరంత సందే ఈ తేడాకి కారణం. గేర్ల సైకిలు మీద డిరైలర్ స్ప్రింగు దీన్ని మింగేస్తుంది, ఎవరికీ తెలియదు. ఫిక్సీకి స్ప్రింగు లేదు. బిగుతు చోటుకి సరిపెడితే రెండో వైపు చైను వేలాడి జారిపడే ప్రమాదం. వదులు చోటుకి సరిపెడితే ప్రతి చుట్టులో ఒకసారి చైను మరీ బిగిసి బేరింగుల మీద భారం పడుతుంది.

మందు సులువే, ఓపిక కావాలి. ఐదు బోల్టులూ అర చుట్టు వదులు చేశాను, రింగు కదలాలి గానీ జారకూడదు. చైను బాగా బిగిసే చోటు పట్టుకుని, అక్కడ చైను పైవరస మీద స్పానర్ పిడితో తట్టాను. రింగు వెంట్రుకవాసి జరిగింది. మళ్ళీ తిప్పి, మళ్ళీ బిగుతు చోటు వెతికి, మళ్ళీ తట్టాను. ప్రతిసారీ ఎదురెదురు బోల్టులు కాస్త కాస్త బిగిస్తూ పోవాలి. ఏడో విడతకి చుట్టంతా ఆట దాదాపు ఒకేలా వచ్చింది.

ఒక హెచ్చరిక. చైనుని వేలితో నొక్కి చూడొద్దు. చైనుకీ పళ్ళకీ మధ్య వేలు పడితే ఫ్రీవీల్ బండిలో చక్రం వదిలేస్తుంది. ఇది వదలదు, చక్రం జోరంతా వేలి మీదకే వస్తుంది. ఫిక్సీ తుడుస్తూ వేలి కొస పోగొట్టుకున్నవాళ్ళు నిజంగా ఉన్నారు. నేను చెక్క గరిటె కాడ వాడాను.

చైన్‌లైను ముందు 42.5, వెనక 42. ట్రాక్ పద్ధతి కొలత 42. ఇనప ముక్కలు ఒకే వరసలో ఉండటం చూసి ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

వెనక నట్లు 15 మి.మీ. పానాతో, టార్క్ రెంచి మీద 35 న్యూటన్ మీటర్లకి.

11వ రోజు

మొదటి సవారీ. అసలు శబ్దమే లేదు. టైరు రోడ్డు మీద పోయే చప్పుడు ఒక్కటే. బండి ఆగిపోయిందేమో అని రెండుసార్లు కిందికి చూశాను.

బరువు తేడా గురించి పెద్దగా రాయడానికి లేదు. పాతది 11.2 కిలోలు, ఇది 9.8. ఎత్తినప్పుడు తెలిసింది, తొక్కినప్పుడు తెలియలేదు.

మలుపులు మాత్రం పూర్తిగా వేరు. కొత్త బాటమ్ బ్రాకెట్ ఎత్తు 284, క్రాంకు 165, తీసేస్తే 119. పెడల్ కింద పాతదానికన్నా 19 మి.మీ. ఎక్కువ చోటు. రెండు బొటనవేళ్ళ వెడల్పు కూడా లేని ఆ కాస్త తేడాకే నాలుగేళ్ళుగా మలుపుల్లో బిగపట్టిన భుజాలు వదులయ్యాయి. నాకు మలుపులు రావనుకున్నాను. నాకు కాదు, ఆ ఫ్రేముకి రావు.

మూడో వారం

మోకాళ్ళు మొరపెడుతున్నాయి.

లెక్క వేశాను. పాత బండి 42/16, అంటే 2.625. ఆ చక్రం చుట్టుకొలత 2.161 మీటర్లు. ఒక్క పెడల్ చుట్టుకి 5.67 మీటర్లు. కొత్తది 48/16, నిండు 3. 28 మి.మీ. టైరుతో చుట్టుకొలత 2.136. ఒక్క చుట్టుకి 6.41 మీటర్లు. తొక్కుడు పదమూడు శాతం బరువెక్కింది. గేర్ల బండి మీద ఇదో విషయమే కాదు. ఇక్కడ ప్రతి ఎక్కుడులోనూ, ఆగి కదిలే ప్రతిసారీ అదే పంటి లెక్క. బెల్జియం సైక్లిస్టు ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో నగరంలో 52/14 మీద గంటలో 49.431 కిలోమీటర్లు పోయాడు. నా మోకాళ్ళకి ఆ సంగతితో పని లేదు.

18 పళ్ళ కాగ్ వేస్తే 48/18, చుట్టుకి 5.70 మీటర్లు, పాతదానికి దగ్గర. కొనబోయి ఆగాను. కారణం టైరు.

చక్రాన్ని కాళ్ళతో లాక్ చేసి జారిస్తే టైరు ఏ చోట నేలకి రాసుకుంటుందో గేరు పళ్ళే నిర్ణయిస్తాయి. భిన్నాన్ని చివరిదాకా కుదిస్తే కింద మిగిలే అంకె ఎంతో టైరు మీద అన్ని చోట్లు. 48/16 కుదిస్తే 3/1. ఒకే చోటు! ఎప్పుడు జారించినా టైరులో ఆ ఒక్క ముక్కే అరుగుతుంది. 48/18 అంటే 8/3, మూడు చోట్లు. నా పాత 42/16 అంటే 21/8, ఎనిమిది. నేను బండిని జారించడం అరుదే. కానీ జారించకపోయినా గట్టిగా ఎదురొత్తేది ఎప్పుడూ ఒకే క్రాంకు కోణంలో, అంటే అరుగుదల అక్కడే పోగవుతుంది. 17 ప్రధాన సంఖ్య కాబట్టి దాని గుణిజం కాని ఏ రింగుతోనైనా 17 చోట్లు వస్తాయి. 48/17 అయితే చుట్టుకి 6.03, నాకింకా బరువే. 46/17 అయితే 5.78. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకి 31 కిలోమీటర్లు. కుదిరింది.

పాత 42 రింగు వాడదామంటే బోల్టుల వృత్తం కలవదు. అది 130 మి.మీ., కొత్తది 144.

నాలుగో వారం

రింగు, కాగ్ మార్చాను. మొత్తం పళ్ళు 64 నుంచి 63కి వచ్చాయి. ఒక్క పన్ను తగ్గితే ఇరుసు 3 మి.మీ. వెనక్కి జరగాలి. ట్రాక్ ఎండులో చోటుంది, చైను కోయాల్సిన పని రాలేదు. కొత్త రింగు కదా, మళ్ళీ నడిమధ్యకి తట్టుకోవడం. ఈసారి నాలుగు విడతల్లోనే.

ఒక ఫిర్యాదు. ఈ ఫ్రేము తల గొట్టం కోణం 74 డిగ్రీలు, ముందు చక్రం నా కాలికి దగ్గర. నెమ్మదిగా గట్టిగా తిరిగేటప్పుడు బూటు కొస టైరుకి తగులుతోంది. మామూలు బండి మీద కాలు ఆపుకుంటాం, ఇక్కడ కాలు వద్దన్నా వస్తుంది. నిన్న గేటు ముందు అరగంటలో రెండుసార్లు తగిలి రెండోసారి పక్కకి ఒరిగాను. వేగంలో హ్యాండిలు అంత తిరగదు కాబట్టి అప్పుడు ప్రమాదం లేదు. ఇప్పుడు ఇరుకులో తిరగబోయే ముందు పెడల్ ఎక్కడుందో లెక్కపెట్టుకుంటున్నాను. పాత బండికి ముందు చాలా ఖాళీ ఉండేది. దాన్ని తిట్టిన నోటితోనే ఈ ఒక్కటీ ఒప్పుకోవాలి.

ముందు బ్రేకు తీసేస్తే బండి అందంగా ఉంటుందని ఇద్దరు చెప్పారు. గట్టిగా ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదకే వెళ్తుంది, వెనక చక్రం తేలికై జారుతుంది. ఎంత బలమైన కాళ్ళైనా తేలిపోయిన చక్రాన్ని ఏం చేయగలవు? తీయను.

ఆరో వారం

పాత బండిని మళ్ళీ మామూలు బండి చేశాను. కాగ్, లాక్‌రింగు తీసి ఒకే పళ్ళచక్రం ఉన్న ఫ్రీవీలు ఎక్కించాను. హబ్ మర బతికే ఉంది, అదృష్టం. కొత్త చైను, వెనక బ్రేకు, దానికో కేబులు. కాళ్ళు ఆపొచ్చు కాబట్టి ఇప్పుడు ఆ తక్కువ ఎత్తు బాధ లేదు. అది తమ్ముడిది.

ఇవ్వకముందు వాడు కొత్త బండి ఒక చుట్టు తొక్కుతానన్నాడు. "ఏం జరిగినా కాళ్ళు ఆపకు" అని మూడుసార్లు చెప్పాను. వీధి చివర మలుపులో అలవాటుగా ఆపాడు. పెడల్ వాణ్ణి సీటు మీంచి అడుగు ఎత్తు లేపింది. పడలేదు. బండి నడిపించుకుంటూ వచ్చి, "అక్కా, నాకు ఆ పాతదే ఇచ్చేయ్" అన్నాడు.

ఏడో వారం

టిక్. టిక్. టిక్.

నిశ్శబ్దంగా ఉన్న బండిలో శబ్దం వస్తే మనసు దాని మీంచి పోదు. ముందు లెక్కపెట్టాను. 46/17లో పెడల్ పది చుట్లు తిరిగితే చక్రం 27 చుట్లు తిరుగుతుంది. టిక్ పదిసార్లే వచ్చింది. కాబట్టి చక్రం కాదు, హబ్ కాదు. క్రాంకు, పెడల్, బాటమ్ బ్రాకెట్, ఈ మూడిట్లో ఒకటి.

క్రాంకు బోల్టులు చూశాను, 40 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉన్నాయి. పెడళ్ళు విప్పి గ్రీజు రాశాను, ఎడమది ఎడమ మర అని గుర్తుపెట్టుకుని. టిక్ పోలేదు. చైన్‌రింగు బోల్టులు, సీటు, రెండూ చూశాను. నిలబడి తొక్కినా వస్తోంది, కాబట్టి సీటు కాదు. బాటమ్ బ్రాకెట్ విప్పాలని నిర్ణయించుకుని, కుడి కప్పుది ఎడమ మర అని కాగితం మీద రాసి గోడకి అంటించి, చివరిసారిగా ఒక చుట్టు పోయొద్దామని చెప్పులతోనే బయల్దేరాను.

టిక్ లేదు.

వెనక్కొచ్చి బూట్లు వేసుకుని చూశాను. కుడి బూటు లేసు చివర ఉన్న ప్లాస్టిక్ కొస ప్రతి చుట్టుకీ క్రాంకుకి తగులుతోంది. నవ్వొచ్చింది గానీ, ఆ లేసు ఇంకో రెండు అంగుళాలు పొడవుంటే చైనులో పడేది, ఈ బండి లేసు కోసం ఆగదు. రెండు లేసులూ ముడి కింద లోపలికి దోపాను. గోడ మీద కాగితం అలాగే ఉంచాను, ఎప్పుడో ఆ కప్పు విప్పక తప్పదు. చైను ఈ రోజుకి 410 కిలోమీటర్లు. 24 లింకులు కొలిచాను, 12 అంగుళాలు.